గేట్‌వే పెట్టాం, అయినా రీడింగ్ తప్పే! పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ వాటిది ఒకటే బాధ. కింద మెషీన్ ఒక ప్రోటోకాల్‌లో (మెషీన్ల భాషలో) మాట్లాడుతుంది, పైన సిస్టమ్‌కి ఇంకోటి వచ్చు, మధ్యలో గేట్‌వే అని ఒక డబ్బా పెట్టారు, దాని లైట్లన్నీ గ్రీన్‌గానే ఉన్నాయి, కానీ స్క్రీన్ మీద కనిపించేది నిజం కాదు. ఆఫీస్ బిల్డింగుల నుంచి, ఫ్యాక్టరీల నుంచి, గల్ఫ్ నుంచి కూడా రాశారు. అందుకే ఈ నెల పేజీలన్నీ దీనికే ఇచ్చేశాం, కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి రెండు ముక్కల్లో.

ప్రశ్న: సార్, నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీస్ బిల్డింగ్‌లో బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఆపరేటర్‌ని. మా చిల్లర్లు (ఏసీకి నీళ్లు చల్లబరిచే మెషీన్లు) మోడ్‌బస్ అంట, బీఎంఎస్ ఏమో బ్యాక్‌నెట్. గేట్‌వే కొనాలని ఒక వెండర్ కొటేషన్ ఇచ్చాడు. ఇంకొకాయన వచ్చి అంత ఖర్చు దేనికి, ఆర్ఎస్-485 సీరియల్ వైరింగ్‌ని ఈథర్‌నెట్‌కి మార్చే కన్వర్టర్ చాలు అంటున్నాడు. రేటులో చాలా తేడా ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఒక్క విషయం అడిగి తెలుసుకోండి, మీ బీఎంఎస్ సాఫ్ట్‌వేర్‌లో మోడ్‌బస్ డ్రైవర్ ఉందా, దానికి లైసెన్స్ తీసుకున్నారా అని. ఉంటే రెండో ఆయన చెప్పింది కరెక్టే, లేకపోతే ఆయన డబ్బా కొన్నాక మళ్లీ గేట్‌వే కూడా కొనాల్సి వస్తుంది.

ఎందుకంటే మార్కెట్లో గేట్‌వే అని అమ్మేవన్నీ ఒక పని చేసేవి కావు. సీరియల్ కన్వర్టర్ వైరుని మాత్రమే మారుస్తుంది, ఇటు నుంచి వచ్చిన బైట్లని అటు పంపిస్తుంది, అందులో ఏముందో దానికి అనవసరం. మోడ్‌బస్ ఆర్‌టీయూ (సీరియల్ వైర్ మీద నడిచేది) నుంచి మోడ్‌బస్ టీసీపీకి (ఈథర్‌నెట్ మీద నడిచేది) మార్చేది ఇంకో రకం, అది ఫ్రేమ్ చివర ఉన్న సీఆర్‌సీ (తప్పులు పట్టే కోడ్) తీసేసి ముందు 7 బైట్ల హెడర్ తగిలిస్తుంది, ఏ స్లేవ్‌కి (అడిగితే జవాబిచ్చే డివైస్‌కి) పంపాలో అందులోని యూనిట్ ఐడీ చూసి తెలుసుకుంటుంది, అంటే ప్రోటోకాల్ అదే, దారి మారింది అంతే. సీరియల్ వైర్ మీది బ్యాక్‌నెట్ ఎంఎస్‌టీపీని ఈథర్‌నెట్ మీది బ్యాక్‌నెట్ ఐపీకి కలిపేదాన్ని కూడా చాలామంది గేట్‌వే అంటారు, అది నిజానికి రౌటర్.

మీకు కావాల్సింది నాలుగో రకం. దానికి రెండు వైపులా రెండు ముఖాలుంటాయి, చిల్లర్ వైపు అదే మోడ్‌బస్ మాస్టర్‌గా ఉండి రిజిస్టర్లని (విలువలుండే గళ్లని) ఒక్కోటే అడుగుతూ ఉంటుంది, వచ్చిన విలువల్ని తన మెమరీలో ఒక టేబుల్‌లో రాసుకుంటుంది, బీఎంఎస్ వైపు మాత్రం తనే ఒక బ్యాక్‌నెట్ డివైస్ లాగా కూర్చుని ఆ టేబుల్‌లో ఉన్నది చూపిస్తుంది. ఈ టేబుల్ సంగతి గుర్తుపెట్టుకోండి. బీఎంఎస్ అడిగినప్పుడు గేట్‌వే అప్పటికప్పుడు చిల్లర్ దగ్గరికెళ్లి కనుక్కుని రాదు, తన దగ్గర రాసుకున్నది చెప్తుంది. కింద దుబాయ్ తమ్ముడు అడిగిన దానికి మూలం మొత్తం ఇక్కడే ఉంది.

మోడ్‌బస్ 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (మెషీన్లని నడిపే కంట్రోలర్ల) కోసం చేసుకున్నది. అందులో ఉండేది ఒక రిజిస్టర్ నంబరు, దాంట్లో 16 బిట్లు, అంతే. 68 అని వచ్చిందంటే అది 68 డిగ్రీలా, 6.8 డిగ్రీలా, 68 శాతమా ఏమీ చెప్పదు. బ్యాక్‌నెట్ అలా కాదు, అష్రే (ఏసీ, హీటింగ్ ఇంజినీర్ల అమెరికన్ సంఘం) వాళ్లు 1987లో కమిటీ వేసి 1995లో స్టాండర్డ్ తెచ్చారు, బిల్డింగుల కోసమే చేశారు కాబట్టి అందులో ప్రతి పాయింటూ ఒక ఆబ్జెక్ట్, దానికి పేరు, యూనిట్లు, ప్రస్తుత విలువ, బాగుందా లేదా అని చెప్పే స్టేటస్ ఫ్లాగులు అన్నీ ఉంటాయి. మోడ్‌బస్‌లో లేని ఈ సమాచారమంతా ఎక్కడి నుంచి వస్తుంది? మనిషి కూర్చుని రాస్తేనే వస్తుంది. దాన్నే మ్యాపింగ్ అంటారు, గేట్‌వే పనిలో అసలు కష్టం అదే. కొటేషన్లు పోల్చేటప్పుడు డబ్బా రేటు కాదు, మ్యాపింగ్ ఎవరు చేస్తారు, ఎన్ని పాయింట్లకి చేస్తారు, ప్యానెల్ దగ్గర ఒకరు స్క్రీన్ దగ్గర ఒకరు నిలబడి ప్రతి పాయింటూ చెక్ చేసి సంతకం పెట్టి ఇస్తారా, ఇవి అడగండి. చిల్లర్ వాళ్లు అది బీఎంఎస్ వాళ్ల పని అంటారు, బీఎంఎస్ వాళ్లు చిల్లర్ వాళ్ల పని అంటారు, కాబట్టి పీవోలో (పర్చేజ్ ఆర్డర్‌లో) పేరు పెట్టి రాయించండి.

ప్రశ్న: నమస్తే అండి. పరవాడ ఫార్మా సిటీలో ఒక ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. కొత్త ఎనర్జీ మీటర్లు పెట్టాం, మీటర్ డిస్‌ప్లే మీద 415 వోల్టులు కనిపిస్తోంది, గేట్‌వే దాటి స్కాడాకి (కంట్రోల్ రూమ్ స్క్రీన్‌కి) వచ్చేసరికి 0.00 అయిపోతోంది. కమ్యూనికేషన్ ఎర్రర్ ఏమీ లేదు. మీటర్ వాళ్లు గేట్‌వే తప్పంటున్నారు, గేట్‌వే వాళ్లు మీటర్ తప్పంటున్నారు.

జవాబు: మీ మీటరూ బాగానే ఉంది, గేట్‌వే కూడా బాగానే ఉంది, మధ్యలో సెట్టింగ్ ఒకటి తేడాగా ఉంది. ఇది కళ్లతో చూసి తేల్చుకోవచ్చు, ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు.

ఈ మీటర్లు వోల్టేజీని 32 బిట్ల ఫ్లోట్‌గా (డెసిమల్ నంబర్లు రాసే పద్ధతి) ఇస్తాయి, మోడ్‌బస్ రిజిస్టర్‌లో పట్టేది 16 బిట్లే కాబట్టి ఒక్క విలువ రెండు రిజిస్టర్లలో కూర్చుంటుంది. 415.0 అనే నంబరు ఫ్లోట్‌లో రాస్తే మొదటి రిజిస్టర్‌లో 17359, రెండో దాంట్లో 32768 వస్తాయి. ఇప్పుడు కొన్ని మీటర్లు పెద్ద సగం (విలువలో ముఖ్యమైన భాగం, ఇక్కడ 17359) ముందు పంపిస్తాయి, కొన్ని చిన్న సగం (ఇక్కడ 32768) ముందు పంపిస్తాయి, మోడ్‌బస్ స్టాండర్డ్ దీని మీద ఏమీ చెప్పలేదు కాబట్టి ఎవరిష్టం వాళ్లది. గేట్‌వే తిరగేసి చదివిందనుకోండి, 32768 ముందు 17359 తర్వాత అయితే ఆ ఫ్లోట్ విలువ సున్నాకి అంత దగ్గరగా ఉంటుంది, ఎన్ని డెసిమల్స్ పెట్టినా 0.00 అనే చూపిస్తుంది. మీకు ఇదే జరిగి ఉండొచ్చు.

అయితే ఇంకో అనుమానం కూడా ఉంది. అడ్రస్ ఒకటి పక్కకి జరిగినా సరిగ్గా ఇదే సున్నా వస్తుంది, ఎందుకంటే అప్పుడు గేట్‌వే ఈ ఫేజ్‌ది రెండో సగం, పక్క ఫేజ్‌ది మొదటి సగం కలిపి చదువుతుంది, ఆ పక్క ఫేజ్ కూడా 415 దగ్గరే ఉంటుంది కదా. మాన్యువల్‌లో 43001 అని రాసి ఉంటే వైర్ మీద వెళ్లాల్సిన అడ్రస్ 3000, ముందున్న 4 హోల్డింగ్ రిజిస్టర్ అని చెప్పడానికి, మిగతాది ఒకటి నుంచి లెక్క. కొన్ని గేట్‌వేలు ఆ ఒకటిని వాటంతటవే తీసేస్తాయి, కొన్ని తీయవు. కాబట్టి వర్డ్ ఆర్డరా (ఏ సగం ముందు అన్నది), అడ్రసా అన్నది సున్నా చూసి చెప్పలేం.

చేయాల్సింది ఏంటంటే, గేట్‌వేలో ఆ పాయింట్‌ని ఫ్లోట్ అని కాకుండా 16 బిట్ల మామూలు నంబర్లుగా పెట్టి, అనుకున్న అడ్రస్‌కి ముందు రెండు, వెనక నాలుగు రిజిస్టర్లు చదవండి. 17280 నుంచి 17407 మధ్య నంబరు ఎక్కడ కనిపిస్తే అదే 256 నుంచి 512 లోపు వోల్టేజీకి పెద్ద సగం, ఇంకేదీ కాదు. ఇంకా సులువు కావాలంటే ఫ్రీక్వెన్సీ రిజిస్టర్ చూడండి, మన గ్రిడ్ 50 హెర్ట్జ్ పక్కనే ఉంటుంది కాబట్టి దాని పెద్ద సగం ఎప్పుడు చూసినా 16967 లేదా 16968 అయి ఉండాలి. ఆ నంబరు ఏ అడ్రస్‌లో దొరికిందో మాన్యువల్‌తో పోల్చుకుంటే అడ్రస్ జరిగిందా, సగాలు తిరగబడ్డాయా అన్నది తేల్చుకోవడం సులువవుతుంది. ఇంకా తేలకపోతే ఫంక్షన్ కోడ్ చూడండి, కొన్ని మీటర్లలో విలువలు 03తో చదివే హోల్డింగ్ రిజిస్టర్లలో ఉండవు, 04తో చదివే ఇన్‌పుట్ రిజిస్టర్లలో ఉంటాయి.

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల, దుబాయ్‌ల ఫెసిలిటీ కంపెనీల బీఎంఎస్ టెక్నీషియన్‌గ చేస్తున్న. మొన్న రాత్రి ఒక చిల్లర్ ప్యానెల్‌కి పవర్ పోయింది గానీ స్క్రీన్ మీద సప్లై వాటర్ 6.8 డిగ్రీలే చూపెట్టింది తెల్లారేదాక, అలారం అస్సలు రాలే. కిరాయిదార్లు ఫోన్లు చేస్తే గానీ తెల్వలే. మేనేజర్ నువ్వు నిద్రపోయినవ్ అని నన్నే అన్నడు. నేను స్క్రీన్ చూస్తనే ఉన్న అన్నా.

జవాబు: తమ్ముడూ, నీ తప్పు ఇందులో లేదు, ఈ జవాబు మీ మేనేజర్‌కి చూపించు.

పైన చెప్పిన టేబుల్ గుర్తుంది కదా. చిల్లర్ ప్యానెల్ ఆగిపోయాక గేట్‌వే అడుగుతూనే ఉంటుంది, జవాబు రాదు, మళ్లీ అడుగుతుంది, మళ్లీ రాదు. ఈలోపు బీఎంఎస్ వచ్చి సప్లై వాటర్ ఎంత అని అడిగితే గేట్‌వే టేబుల్‌లో చివరగా రాసుకున్న 6.8 ఇచ్చేస్తుంది. బీఎంఎస్‌కి జవాబు టైముకే వచ్చింది, విలువ లిమిట్ లోపలే ఉంది, ఇక అలారం ఎందుకొస్తుంది? వైరు తెగితే నేరుగా వేసిన సెన్సర్ అయినా అసాధ్యమైన రీడింగ్ చూపించి అలారం తెప్పిస్తుంది, గేట్‌వే మాత్రం నమ్మదగ్గ నంబరుతో గంటల తరబడి మోసం చేస్తుంది. నా దృష్టిలో గేట్‌వే పనిలో దీన్ని మించిన ప్రమాదం లేదు, వర్డ్ ఆర్డర్ తప్పైతే మొదటి రోజే దొరికిపోతుంది, ఇది ఏళ్ల తరబడి దాక్కుని సరిగ్గా అవసరమైన రాత్రే బయటపడుతుంది.

దీనికి బ్యాక్‌నెట్‌లో దారి ఉంది. ఆబ్జెక్ట్‌కి రిలయబిలిటీ అని ఒక ప్రాపర్టీ ఉంటుంది, దాంట్లో కమ్యూనికేషన్ ఫెయిల్యూర్ అని ఒక విలువ ప్రత్యేకంగా పెట్టారు, అది పడగానే స్టేటస్ ఫ్లాగులలో ఫాల్ట్ అనేది ఆన్ అవుతుంది. మోడ్‌బస్‌లో కూడా ఆర్‌టీయూ నుంచి టీసీపీకి మార్చే గేట్‌వేలు కింద డివైస్ పలకకపోతే ఎక్సెప్షన్ 11 అని తిరిగి పంపాలి, టార్గెట్ డివైస్ స్పందించలేదు అని దానర్థం. అంటే స్టాండర్డ్ రాసినవాళ్లు ఆలోచించే రాశారు. కానీ గేట్‌వే సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్ పోయినప్పుడు ఏం చేయాలి అని ఒక ఆప్షన్ ఉంటుంది, చివరి విలువ పట్టుకుని ఉండు, సున్నా చేయి, ఫలానా విలువ పెట్టు, ఫాల్ట్ చూపించు అని, చాలా చోట్ల చివరి విలువే పెట్టి వదిలేస్తారు. కమిషనింగ్ రోజు ఆ పేజీ ఎవరూ తెరవరు. ఇంకోటి, గేట్‌వే ఫాల్ట్ ఫ్లాగ్ పెట్టినా బీఎంఎస్ గ్రాఫిక్స్‌లో ఆ ఫ్లాగ్‌ని చూపించేలా కట్టకపోతే స్క్రీన్ మీద మళ్లీ 6.8 మామూలు రంగులోనే ఉంటుంది. రెండు వైపులా చూసుకోవాలి.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది చెప్తా. మేనేజర్‌కి చెప్పి, పర్మిట్ తీసుకుని, లోడ్ తక్కువున్న టైములో ఒక చిల్లర్ దగ్గర ఆర్ఎస్-485 కనెక్టర్ పీకెయ్. వాచీ చూస్తూ స్క్రీన్ ముందు ఇంకొకరిని నిలబెట్టు, ఎన్ని సెకన్లకి ఫాల్ట్ కనిపించిందో, అలారం ఎన్ని సెకన్లకి మోగిందో రాసుకో. ఏమీ మారకపోతే జబ్బు దొరికినట్టే. తర్వాత అది పెట్టేసి గేట్‌వేకి వచ్చే ఈథర్‌నెట్ కేబుల్ పీకి చూడు. ఆ తర్వాత గేట్‌వేకి పవర్ ఆపి ఆన్ చేసి మొదటి నిమిషం కళ్లార్పకుండా చూడు, మొదటిసారి చదివేలోపు కొన్ని గేట్‌వేలు అన్నిటికీ సున్నా చూపిస్తాయి, ఆ సున్నా చూసి ఏదైనా లాజిక్ పంపులు ఆపేస్తుందేమో తెలియాలి. ఇక సెట్‌పాయింట్ లాంటి రాసే పాయింట్లు ఉంటే ఇంకా జాగ్రత్త, లేచీలేవగానే తన టేబుల్‌లో ఉన్న సున్నాని చిల్లర్‌కి రాసేసే గేట్‌వేలు ఉన్నాయి, మొదట చదివి తర్వాతే రాయి అనే సెట్టింగ్ ఉంటే అది పెట్టించు.

సెట్టింగ్ మార్చే అధికారం నీకు లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. చిల్లర్ కంట్రోలర్‌లో ఎప్పుడూ కదులుతూ ఉండే రిజిస్టర్ ఒకటి దొరుకుతుంది, గడియారంలో నిమిషాలో సెకన్లో. దాన్ని కూడా ఒక పాయింట్‌గా తెప్పించి, 5 నిమిషాలు మారకపోతే అలారం ఇవ్వమని బీఎంఎస్‌లో లాజిక్ రాయించు. ఒక్క పాయింట్ ఖర్చుతో చిల్లర్ బతికుందో లేదో తెలిసిపోతుంది. అది కూడా కుదరకపోతే ట్రెండ్ (టైముతో విలువ ఎలా మారిందో చూపే గ్రాఫ్) చూస్తూ ఉండు, నడుస్తున్న చిల్లర్ నీళ్ల ఉష్ణోగ్రత కొంచెమైనా అటూ ఇటూ ఊగుతుంది, గంటసేపు గీత గీసినట్టు తిన్నగా ఉందంటే అనుమానించు. ఆ రాత్రి ట్రెండ్ ప్రింట్ తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టు తమ్ముడూ, 6.8 దగ్గర తిన్నని గీత ఏ టైములో మొదలైందో, పవర్ ఎప్పుడు పోయిందో రెండూ కలుస్తాయి.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో స్పిన్నింగ్ మిల్లు మాది. 30 మీటర్లు ఒకే లైన్ మీద, గేట్‌వే ద్వారా సిస్టమ్‌కి వస్తాయి. రీడింగ్ మారడానికి అర నిమిషం పడుతోంది, ఏదైనా ఒక మీటర్ ఆపేస్తే నిమిషం దాటిపోతోంది. పెద్ద గేట్‌వే కొనమంటున్నారు.

జవాబు: కొనకండి. మీ లైన్ లెక్క ఒకసారి వేద్దాం. 9600 స్పీడ్, ఈవెన్ పారిటీ అనుకుంటే ఒక్కో బైట్‌కి 11 బిట్లు. అడిగే ఫ్రేమ్ 8 బైట్లు, అంటే సుమారు 9 మిల్లీసెకన్లు. రెండు రిజిస్టర్లకి జవాబు 9 బైట్లు, 10 మిల్లీసెకన్లు. మీటర్ ఆలోచించుకోవడానికి ఒక 50, ఫ్రేముల మధ్య మూడున్నర క్యారెక్టర్ల నిశ్శబ్దం 4, మొత్తం 73-74. మీటర్‌కి 12 విలువలు విడివిడిగా అడిగితే మీటర్‌కి 0.9 సెకను, 30 మీటర్లకి 26 సెకన్లు దాటింది. మీరు చెప్పిన అర నిమిషం ఇదే.

ఇప్పుడు ఆ 12 విలువలూ దగ్గర దగ్గరగా 40 రిజిస్టర్లలో ఉన్నాయనుకోండి, ఒకేసారి 40 అడగండి. జవాబు 85 బైట్లు, 97 మిల్లీసెకన్లు, మిగతావి కలుపుకుని 160. 30 మీటర్లకి 5 సెకన్లు కూడా పట్టదు. అదే గేట్‌వే, అదే వైరు. మోడ్‌బస్‌లో ఒకసారికి 125 రిజిస్టర్ల వరకు అడగొచ్చు. మధ్యలో లేని రిజిస్టర్ ఉంటే కొన్ని మీటర్లు ఎక్సెప్షన్ 2 పంపి మొత్తం బ్లాక్ నిరాకరిస్తాయి, అప్పుడు రెండు బ్లాకులుగా విడగొట్టండి. స్పీడ్ 19200 చేస్తే వైర్ మీద టైము సగమవుతుంది గానీ మీటర్ ఆలోచించే టైము తగ్గదు, కాబట్టి ముందు బ్లాకులు, తర్వాతే స్పీడ్.

ఆపేసిన మీటర్ సంగతి, టైమౌట్ 1 సెకను, రీట్రైలు 3 అని ఉంటే ఒక్కో ప్రశ్నకి 4 సెకన్లు వృథా, 12 ప్రశ్నలకి 48 సెకన్లు ఆ ఒక్క మీటరే తినేస్తుంది. టైమౌట్ 300 మిల్లీసెకన్లకి తగ్గించి రీట్రై 1 పెట్టి, పలకని డివైస్‌ని పక్కనపెట్టి నిమిషానికోసారి మాత్రమే పలకరించే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి.

ప్రశ్న: ఖమ్మం నుంచి. వీఎఫ్‌డీలు (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్‌లు) ఆన్ అయితే మీటర్ల కమ్యూనికేషన్ పోతోంది.

జవాబు: పవర్ మొత్తం ఆపి లైన్ మీద ఏ, బీ వైర్ల మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. 60 ఓమ్స్ దగ్గర ఉంటే రెండు చివర్లా 120 ఓమ్స్ టెర్మినేషన్ రెసిస్టర్ ఉన్నట్టు, 120 ఉంటే ఒక చివరే ఉంది, 40 ఉంటే ఎవరో మధ్యలో ఇంకోటి పెట్టారు. తర్వాత కేబుల్ మోటార్ కేబుల్ ఉన్న ట్రేలోనే వెళ్తోందేమో చూడండి, వెళ్తుంటే తప్పించండి. షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయండి. లైన్ ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కి వరసగా వెళ్లాలి, మధ్యలో టీ కొట్టి కొమ్మలు లాగొద్దు.

ప్రశ్న: సార్, శ్రీసిటీలో ఫ్యాక్టరీ. పీఎల్‌సీ ప్రొఫినెట్ (ఈథర్‌నెట్ మీద నడిచే ఫ్యాక్టరీ ప్రోటోకాల్), పాత డ్రైవ్‌లు మోడ్‌బస్, మధ్యలో గేట్‌వే. డ్రైవ్‌లలో ఒకదాని తర్వాత ఒకటి మెమరీ ఎర్రర్ వచ్చి పోతున్నాయి, కరెంటు ప్రాబ్లమ్ ఏమీ లేదు.

జవాబు: గేట్‌వే ఆ డ్రైవ్‌లకి ఏం రాస్తోంది, ఎంత తరచుగా రాస్తోంది అన్నది ఇవాళే చూడండి. ప్రొఫినెట్ వైపు డేటా కొన్ని మిల్లీసెకన్లకోసారి వస్తూనే ఉంటుంది, గేట్‌వేని ప్రతి సైకిల్‌కీ రాయి అని పెడితే మారినా మారకపోయినా అదే యాక్సిలరేషన్ టైము, అదే లిమిట్ డ్రైవ్‌లోకి తోస్తూ ఉంటుంది. డ్రైవ్‌లో ఆ పారామీటర్ ఈఈప్రామ్‌లో (పవర్ పోయినా నిలిచే మెమరీలో) సేవ్ అయ్యే రకమైతే దానికి ఆయుష్షు ఉంటుంది. లక్ష సార్లు రాయొచ్చు అనుకున్నా, సెకనుకి ఒకసారి రాస్తే 28 గంటల్లోపే అయిపోతాయి. మాన్యువల్‌లో ర్యామ్‌లోకి రాసే అడ్రస్ వేరే ఉందేమో వెతకండి, గేట్‌వేలో విలువ మారితేనే రాయి అని పెట్టండి, స్పీడ్ రిఫరెన్స్, స్టార్ట్ స్టాప్ తప్ప మిగతా పారామీటర్లని సైకిల్ నుంచి తీసేయండి.

ప్రశ్న: మాదాపూర్‌లో రెండు బ్లాకుల క్యాంపస్ మాది. రెండో బ్లాక్‌లో గేట్‌వే పింగ్ అవుతోంది గానీ బీఎంఎస్‌లో డిస్కవరీ చేస్తే కనపడదు. ఒక్కోసారి కనపడితే మొదటి బ్లాక్‌ది మాయమవుతుంది.

జవాబు: రెండు జబ్బులు కలిసున్నాయి. బ్యాక్‌నెట్‌లో హూ-ఈజ్ అని అడగడం, ఐ-యామ్ అని జవాబివ్వడం మామూలుగా బ్రాడ్‌కాస్ట్‌లో (అందరికీ ఒకేసారి పంపే మెసేజ్‌లో) జరుగుతుంది, యూడీపీ పోర్ట్ 47808. బ్రాడ్‌కాస్ట్ సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) దాటదు, కాబట్టి పింగ్ అయినా డిస్కవరీ కాదు. ఒక్కో సబ్‌నెట్‌కి ఒక్కో బీబీఎండీ (బ్రాడ్‌కాస్ట్‌ని పక్క సబ్‌నెట్‌కి దాటించేది) పెట్టించండి, ఒకే సబ్‌నెట్‌లో రెండు పెట్టొద్దు. రెండోది, రెండు గేట్‌వేలనీ డబ్బాలోంచి తీసి డిఫాల్ట్ డివైస్ ఇన్‌స్టన్స్‌తోనే (బ్యాక్‌నెట్‌లో డివైస్‌ని గుర్తించే నంబరు) వదిలేసి ఉంటారు. 0 నుంచి 4194302 వరకు నంబర్లున్నాయి, ఒక నంబరు మొత్తం నెట్‌వర్క్‌లో ఒక్కరికే ఉండాలి, బ్లాక్ నంబరు, ఫ్లోర్ నంబరు కలిసొచ్చేలా మీరే ఒక పద్ధతి పెట్టుకుని రాసుకోండి.

ప్రశ్న: విజయవాడలో హోటల్. మా ఓనర్ గారు ఏసీ ప్లాంట్ ఇంటి నుంచి ఫోన్‌లో చూడాలంటున్నారు. గేట్‌వేకి పోర్ట్ ఫార్వర్డింగ్ చేస్తే అయిపోతుందని ఇంటర్నెట్ అబ్బాయి అన్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దండి, దయచేసి చేయించకండి. మోడ్‌బస్ టీసీపీకి పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, పోర్ట్ 502 దాకా చేరగలిగిన ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు కూడా. ఇదేదో ఊహించి భయపెట్టడం కాదు. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లో ల్వీవ్ ఊళ్లో గడ్డకట్టే చలిలో 600కి పైగా అపార్ట్‌మెంట్ బిల్డింగులకి దాదాపు రెండు రోజులు హీటింగ్ ఆగిపోయింది, ఎవరో హీటింగ్ కంట్రోలర్లకి మామూలు మోడ్‌బస్ టీసీపీ కమాండ్లే పంపి పాడుచేశారు. ఫ్రాస్టీగూప్ అని పేరు పెట్టారు ఆ మాల్‌వేర్‌కి. తాళం బద్దలు కొట్టే విద్య ఏదీ ఆ ప్రోటోకాల్ దగ్గర అక్కర్లేకపోయింది, అసలు తాళమే లేదు కాబట్టి.

ఓనర్ గారికి వీపీఎన్ పెట్టించండి, ఫోన్‌లో ఒక యాప్ తెరిచాకే లోపలికి వెళ్లేలా. గేట్‌వేలో ఆయన చూసే పాయింట్లన్నీ చదవడానికి మాత్రమే అని పెట్టండి. హోటల్ వైఫై నెట్‌వర్క్, ప్లాంట్ నెట్‌వర్క్ వేరువేరుగా ఉండాలి, గెస్ట్ రూములోంచి లాప్‌టాప్‌తో చిల్లర్ దాకా రాగలిగితే ఇంటర్నెట్‌లో పెట్టినట్టే. టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో వచ్చే మోడ్‌బస్ సెక్యూరిటీ 2018లో వచ్చింది, బ్యాక్‌నెట్‌కి సెక్యూర్ కనెక్ట్ ఉంది, కొత్తగా కొనేటప్పుడు అడగండి, కానీ కింద ఉన్న పాత చిల్లర్‌కి అవి రావు, దాన్ని కాపాడేది నెట్‌వర్క్‌ని విడగొట్టడమే.

ప్రశ్న: అన్నా, వరంగల్‌లో డిప్లొమా ఫైనల్ ఇయర్. ఈ లైన్‌లోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి? కోర్సులకి డబ్బులు లేవు.

జవాబు: తమ్ముడూ, ఒక పాత లాప్‌టాప్, యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్-485కి మార్చే చిన్న అడాప్టర్ ఒకటి, ఎవరైనా తీసి పక్కన పడేసిన ఎనర్జీ మీటర్ ఒకటి దొరికితే మొదలుపెట్టేయొచ్చు. మోడ్‌బస్ స్పెసిఫికేషన్ ఉచితంగా దొరుకుతుంది, పెద్దదేం కాదు, రెండుసార్లు చదువు. వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లేది చూపించే సాఫ్ట్‌వేర్) వేసుకో, అది మోడ్‌బస్ టీసీపీనీ బ్యాక్‌నెట్‌నీ విడదీసి చూపిస్తుంది. నోడ్-రెడ్‌లో (డబ్బాలు కలిపి ప్రోగ్రామ్ చేసే టూల్) మోడ్‌బస్ చదివి ఇంకోవైపు పంపించే చిన్న గేట్‌వే నువ్వే చెయ్, అప్పుడు మీటర్ వైరు పీకి నీ గేట్‌వే ఏం చూపిస్తుందో చూడు. ఇంటర్వ్యూలో ఆ ఒక్కటి వివరంగా చెప్పగలిగితే ఎదురుగా కూర్చున్నవాళ్లకి నువ్వు చేతులతో పనిచేశావని అర్థమైపోతుంది.

ప్రశ్న: సంగారెడ్డి దగ్గర ప్లాంట్. పిడుగు పడి గేట్‌వే కాలిపోయింది. పెట్టిన కంపెనీ ఇప్పుడు లేదు, కాన్ఫిగరేషన్ ఫైల్ ఎవరి దగ్గరా లేదు. కొత్తది వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: బీఎంఎస్ వైపు నుంచి మొదలుపెట్టండి. పాత గేట్‌వేకి సంబంధించిన ఆబ్జెక్టుల పేర్లు, నంబర్లు, యూనిట్లు బీఎంఎస్ డేటాబేస్‌లో ఇంకా ఉంటాయి, ఎక్సెల్‌లోకి తీయండి. పక్క కాలమ్‌లో మెషీన్ మాన్యువల్ చూసి రిజిస్టర్ అడ్రస్, డేటా టైప్, స్కేల్, ఫంక్షన్ కోడ్ నింపుకుంటూ రండి. అన్నీ ఒకేసారి ఎక్కించకండి, ఒక మెషీన్‌వి పది పాయింట్లు పెట్టి ప్యానెల్ డిస్‌ప్లేతో పోల్చి సరిపోయాక ముందుకెళ్లండి. రాసే పాయింట్లు అన్నిటికన్నా చివర్లో.

కొత్త గేట్‌వేకి పాతదాని డివైస్ ఇన్‌స్టన్స్, పాత ఆబ్జెక్ట్ నంబర్లే ఇవ్వండి, అలా ఇస్తే బీఎంఎస్‌లో గ్రాఫిక్స్, ట్రెండులు, అలారాలు దేన్నీ మళ్లీ కట్టే పని ఉండదు. సీరియల్ పోర్ట్‌కీ పవర్‌కీ సర్జ్ ప్రొటెక్షన్ పెట్టించండి. అంతా అయ్యాక కాన్ఫిగరేషన్ ఫైల్, ఆ ఎక్సెల్ షీట్, ఫర్మ్‌వేర్ వెర్షన్, లాగిన్ పాస్‌వర్డ్ ఇవన్నీ ప్లాంట్ సర్వర్‌లో ఒక కాపీ, మెయింటెనెన్స్ హెడ్ దగ్గర ఒక కాపీ ఉంచండి. బడ్జెట్ ఉంటే అదే మోడల్ ఇంకోటి కొని, అదే ఫైల్ ఎక్కించి, ఒకసారి లైన్ మీద పెట్టి నడిపి చూసి, అప్పుడు స్టోర్‌లో పెట్టండి.